సోమవారం దాకా గుడ్లు వద్దు

బాపూ,

నాతో మాట్లాడటం మానేశావు కాబట్టి ఈ ఉత్తరం నీ గుడ్ల గిన్నె కింద పెడుతున్నాను.

సోమవారం మెడికల్ బోర్డు. వాళ్లు నిన్ను అన్‌ఫిట్ అని రాస్తేనే నీ గని ఉద్యోగం నాకొస్తుంది. నువ్వు మామూలుగా రిటైరైతే నాకేమీ రాదు. ఇది తెలిసి కూడా రోజూ జిమ్‌కు పోయి బరువులెత్తుతున్నావు. పొద్దున గుడ్లు, రాత్రి జొన్నరొట్టె, మొలకెత్తిన పెసర్లు. ఎవరిని ఉద్ధరించడానికి?

పోయినేడు నడుము నొప్పితో మంచం దిగాలంటే నా భుజం పట్టుకునేవాడివి. ఆ నొప్పి చూసే దరఖాస్తు పెట్టించాను. నిన్న శ్రీరాంపూర్‌లో నీ దోస్తు సిద్దిరాములు నన్ను ఆపి, "మీ బాపు సిమెంటు బస్తా ఒక్కడే లేపిండురా, మల్ల పోరడైండు" అని నవ్వాడు. నాకు కడుపు మండింది.

"గిప్పుడే ఆయనకు కంటినిండ నిద్ర వడ్తున్నది, జర ఊకో బిడ్డా" అంటుంది అవ్వ. నిద్రదేముంది, నాకు ఉద్యోగం వచ్చాక ఎంతైనా పోవచ్చు.

బోర్డు గదిలోకి నడిచేటప్పుడు పోయినేడులాగే నా భుజం పట్టుకో. గట్టిగా మాత్రం పట్టుకోకు, డాక్టర్‌కు నీ బలం తెలిసిపోతుంది.

ఆరోగ్యం జాగ్రత్త అని సోమవారం తర్వాత రాస్తాను.

నీ కొడుకు