బండి ఎవరి పేరు మీద

జూలై 7, కోరుట్ల

వచ్చి నెల. పేజీ పైన మీటరు అంకె రాయడానికి ఇంకా చెయ్యి పోతోంది. పన్నెండేళ్లు మస్కట్‌లో ఒకే ఇంట్లో డ్రైవరు పని. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందీ పుస్తకంలో రాసి మేడమ్‌కు చూపించాలి. ఆ అలవాటుతో నా పుస్తకంలో కూడా పైన అంకె, కింద నా గోడు రెండు ముక్కలు. ఇప్పుడు అంకె లేదు. గోడే మిగిలింది.

పొద్దున కీర్తన కాలేజీకి పోతూ అడిగింది — "డాడీ, ఈసారి ఎన్ని రోజుల లీవు?" లీవు కాదు బిడ్డా, వచ్చేసిన అన్నాను. "సరే" అని బస్సుకు పోయింది. నమ్మలేదు. అయిదేళ్ల పిల్లప్పటి నుంచి వింటోంది పాపం, ఎట్లా నమ్ముతుంది.

టాక్సీ కొంటాను. ఇక్కడే నడుపుకుంటాను. ఇది ఖాయం. కొనడం ఎట్లా అన్నదే...

జూలై 8

జగిత్యాల షోరూం. అక్కడి సేల్స్‌ ఆయన నా ఈడువాడే, మాటకారి. బండి తలుపు తీసి "కూసొని చూడున్రి అన్నా" అన్నాడు. కూర్చున్నాను. సీటు మీది ప్లాస్టిక్ కవరు చప్పుడు చేసింది. స్టీరింగు పట్టుకుని ఊరికే కూర్చున్నాను కాసేపు. ఎక్కడికి పోవాలి అని వెనక నుంచి ఎవరూ చెప్పడం లేదు. బాగుంది.

"బ్యాంకుకు పోతే నెల తిప్పుతరు అన్నా. మా ఫైనాన్స్ అయితే గంటల శాంక్షన్. ఆధార్, లైసెన్స్, గంతే. బండి నీ పేరు మీదనే. టాక్సీ ఎల్లో ప్లేటుకు గూడ ఇస్తం."

వడ్డీ ఏడు. ఆషాఢం కాబట్టి బండి రేటు కూడా తగ్గిస్తారట, అయితే వాళ్ల ఫైనాన్స్ తీసుకుంటేనే. కాగితం రాసిచ్చాడు. నీ పేరు మీదనే — ఆ మాట దగ్గరే ఆగిపోయాను నేను. మిగతాది సరిగ్గా వినలేదు.

జూలై 9

బ్యాంకు. మా ఇంటామె లత కూడా వచ్చింది. మేనేజరమ్మ లతను చూడగానే కుర్చీలోంచి లేచినంత పని చేసింది. లత మగ్గం వర్క్ షాపు ఖాతా అక్కడే. మొదట్లో లోను తీసుకుని గడువుకు ముందే కట్టేసింది, ఏటా రిటర్నులు వేస్తుంది, నలుగురు ఆడవాళ్లకు పనిస్తుంది. నన్ను చూసి "వీరు?" అంది మేనేజరమ్మ.

ఇక్కడ వడ్డీ పది. నా పేరు మీద కుదరదట. "మీకు ఇక్కడ ఆదాయం కాగితాలు ఏమీ లేవు కదండీ. మేడం పేరు మీదైతే వారంలో చేసిస్తాను. ఆవిడ ఓనరు. మీరు డ్రైవరుగా ఉండొచ్చు."

డ్రైవరుగా ఉండొచ్చు.

దారిలో లత ఏదో మాట్లాడుతూనే ఉంది. నేను ఊ కొట్టాను.

అదే రోజు, మళ్లీ

ఏడు తక్కువా, పది తక్కువా? ఇంటర్ తప్పినవాణ్ణే గానీ ఇంతమాత్రం తెలుసు. మరి షోరూం కాగితంలో నెల కిస్తీ ఎక్కువ, బ్యాంకు కాగితంలో తక్కువ. అప్పు అంతే. ఏళ్లు రెండింటిలోనూ అయిదే. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాను. అటుది ఇటు, ఇటుది అటు పెట్టి చూశాను. స్థలం మారిస్తే అంకె మారుతుందా, నా పిచ్చి.

జూలై 10

గంగాధర్ ఫోన్. మస్కట్‌లో ఎనిమిదేళ్లు ఒకే గదిలో ఉన్నాం, నాకంటే ముందే ఊరికి వచ్చేశాడు, వాడి దగ్గర దాపరికం లేదు. బ్యాంకు సంగతి చెప్పాను. పడీ పడీ నవ్వాడు. "గంతే గదరా రాజేశం. నీకు కఫీల్ మారిండు, ఇంకేం మారలె."

అక్కడ వీసా ఇచ్చి, మన పాస్‌పోర్టు దగ్గర పెట్టుకునే యజమాని కఫీల్. ఇక్కడ పెళ్లాం. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక నవ్వు రాలేదు. వాడికేం, అనేసి తన పని చూసుకున్నాడు. నా చెవిలో మాత్రం ఆ మాట జోరీగలా...

జూలై 11

కీర్తన కాగితాలు రెండూ చూసింది. అయిదు నిమిషాలు పట్టలేదు.

"బ్యాంకోళ్ళు నువ్వు కట్టినకొద్దీ మిగిలిన దానికే వడ్డీ ఏస్తరు డాడీ. వీళ్లు మొదట్ల తీసుకున్న మొత్తానికి ఆఖరు దాక ఏస్తరు. మా దోస్తు హాస్టల్ మెస్ లెక్క — సగం నెల ఇంటికచ్చినా పూర్తి బిల్లు."

అంటే ఏడు పెద్దది, పది చిన్నది. అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా కష్టంగా ఉంది. బ్యాంకే మేలు అని తెలిశాక కూడా మనసు జగిత్యాల వైపే పోతుంటే దాన్నేమనాలి? తెలియనప్పుడే నయం.

నా కూతురు లెక్కల్లో ఇంత గట్టిదని ఈరోజే తెలిసింది.

జూలై 12

రాయాలా వద్దా. రాస్తాను, ఇక్కడ కాకపోతే ఎక్కడ.

జగిత్యాల ట్రావెల్స్ ఏజెంటు పిలిచాడు. మస్కట్ ఇంటివాళ్లు మళ్లీ నన్నే అడుగుతున్నారట. జీతం పెంచుతారట. "వద్దంటే వేరేటోణ్ణి చూస్తరు. పాస్‌పోర్టన్న ఇచ్చిపో, రెడీగుంటది. పోవుడు పోకపోవుడు నీ ఇష్టం."

ఇచ్చి వచ్చాను. ఇవ్వడమంటే పోవడం కాదు కదా. టాక్సీ నడవకపోతే, కిస్తీ అందకపోతే... ఒక దారి ఉండనీ అని. లతకు చెప్పలేదు. ఏదైనా అయితే కదా చెప్పడానికి. ఇట్లా నాకు నేనే నచ్చజెప్పుకుంటున్నాను.

జూలై 13, సిరిసిల్ల

ఆదివారం. లత, నేను అత్తగారింటికి. బావమరిది శ్రీను షెడ్డులో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆడిస్తున్నాడు. ఆరు సాంచాలు ఒకేసారి ఆడుతుంటే పక్కవాడి మాట వినబడదు. అందుకే అక్కడ అడగడం నయమనిపించింది. అరిచి అడిగాను — ఇవి కొన్నప్పుడు లోను ఎవరి పేరు మీద అని.

"మా ఆమె పేరు మీదనే బావా. ఆడోళ్ల పేరు మీదైతే జల్ది అయితదన్నరు. నడిపేది నేను."

నీకేం అనిపించలేదా అని అడిగాను.

ఏమనిపించాలో తెలియనట్టు చూశాడు. తెగిన పోగు ముడివేసి, "ఎవలి పేరు మీదున్నా సాంచ చప్పుడు ఒక్కటే గద" అన్నాడు. మళ్లీ తన పనిలో పడ్డాడు.

వాడికి అది చాలింది. నాకెందుకు చాలదు? వాడు ఇంట్లోనే ఉన్నవాడు కాబట్టా. పన్నెండేళ్లు ఇంటికి దూరంగా ఉన్నవాడికి, వచ్చాక కనీసం బండి తలుపు మీదన్నా పేరు కావాలనిపిస్తుందా. ఏమో.

జూలై 14

లతను అడిగేశాను. చట్రం మీద జాకెట్ చేతికి పూసలు కుడుతోంది. బండి నా పేరు మీద ఉంటే నీకేమన్నా బాధా అని.

తల ఎత్తలేదు. "గీ ఇల్లు ఎవరి పేరు మీదుంది?"

నా పేరు మీదే.

"పన్నెండేండ్లు గీ ఇంట్ల ఒక్కదాన్నే ఉన్న. నా పేరు లేదని ఎన్నడన్న కిరాయిదాని లెక్క ఉన్ననా?"

సూదితో ఇంకో పూస ఎత్తింది.  తనే మళ్లీ అంది, "నాకు బండి పేరు తోని పని లేదు. ఎక్కువ కిస్తీ మీద పెట్టుకొని, అది కట్టుడు గాక మల్ల నువ్వు మస్కట్ పోతనంటవని భయం. గంతే."

 పాస్‌పోర్టు సంగతి అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను. జాకెట్ కోసం ఎవరో గిరాకీ ఇంటికే వచ్చారు.

జూలై 15

ఆర్‌సీ ఎట్లా ఉంటుందో గంగాధర్ తన కారుది ఫొటో పంపాడు. ఓనరు పేరు, దాని కింద తండ్రి లేదా భర్త పేరు.

నా పేరు మీద తీసుకుంటే నా కింద బాపు పేరు వస్తుంది. బీర్పూర్ పొలాల్లో జీవితమంతా పరాయివాళ్ల నాట్లు, కోతలు చేసిన మనిషి. గుంట భూమి లేదు. రేషన్ కార్డు మీద తప్ప బాపు పేరు అచ్చులో నేనెక్కడా చూడలేదు. పోయేముందు ఒక్కసారి కారెక్కించు బిడ్డా అన్నాడు, నేను అక్కడెక్కడో ఎవరి పిల్లల్నో బడికి దింపుతున్నాను. కాగితం మీదన్నా ఎక్కిస్తానని... ఏడుపొచ్చింది. రాశాను కదా, చాలు.

లత పేరు మీద తీసుకుంటే ఆమె కింద నా పేరు వస్తుంది. నా ఆర్‌సీ మీద మాత్రం లత పేరు ఎక్కడా రాదు. దానికి గడే లేదు.

ఇది గమనించకుండా ఉంటే బాగుండేది. చిక్కు తీస్తున్నాననుకుంటూ ఇంకో ముడి వేసుకున్నాను.

జూలై 16

ఒక్కణ్ణే షోరూంకు పోయాను. సేల్స్ ఆయన ఫైనాన్స్ ఫారం నింపించాడు. పేరు, తండ్రి పేరు. బాపు పేరు నా చేత్తో రాశాను, అక్షరం చెదరకుండా. సంతకం పెట్టబోతుంటే ఆయన ఆపాడు.

"ఒక్కటే అన్నా. గ్యారంటర్ కింద మీ ఇంటామె సంతకం గావాలె. ఆమెకు రిటర్నులున్నయన్నవు గద, ఇగ ఢోకా లేదు. ఆమె పెట్టినంక నువ్వు పెడుదువు."

ఆధార్, లైసెన్స్ చాలన్నావు కదా అన్నాను.

"లోకల్ ఆదాయం లేనోళ్లకు అడుగుతరు అన్నా. సంతకమే గద, ఏంబోయింది."

ఎవరి సంతకం వద్దని ఇంత దూరం వచ్చానో ఆ సంతకమే కావాలట. బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. పక్కాయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

జూలై 17

ఫారం సంచిలోనే ఉంది. లతకు చూపించలేదు.

జూలై 18

ఈరోజు అంతా బయటపడింది.

బ్యాంకు నుంచి లతకు ఫోన్. నేను మస్కట్‌లో డ్రైవరుగా పనిచేసినట్టు పాస్‌పోర్టు పేజీల జిరాక్సులు జత చేయమన్నారట. లత బీరువా తీసింది. చీరల కింద చూసింది, ఇంటి కాగితాల సంచిలో చూసింది. నేను నిలబడి చూస్తున్నాను. ఆమె అన్ని అరలూ వెతికేదాకా నోరు రాలేదు నాకు. ఎంత సిగ్గుచేటు.

"ఏజెంటు దగ్గరుంది" అన్నాను.

అరుస్తుందనుకున్నాను. బీరువా తలుపు మెల్లగా వేసింది. "గందుకేనా నీకు ఏ కాగితం నచ్చుతలేదు?"

కాదు, కాదు అన్నాను. బాపు పేరు సంగతి, ఆర్‌సీ గడుల సంగతి, వడ్డీల సంగతి, ఏవేవో కలగాపులగంగా చెప్పాను. విన్నది. అన్నీ విని పొయ్యి మీద కూర చూడటానికి పోయింది.

కాదా? ఇప్పుడు రాస్తుంటే నాకే తెలియడం లేదు. రెండిట్లో ఏది మంచిదని పది రోజులుగా తల బద్దలు కొట్టుకున్నది తేల్చుకోవడానికా, తేల్చకుండా ఉండటానికా.

జూలై 19

కీర్తన నిన్న గదిలోనే ఉంది, అంతా విన్నది. ఈరోజు కాలేజీ నుంచి వచ్చి మామూలుగానే అన్నం తిన్నది. తర్వాత అడిగింది — "డాడీ, పోయేముందు నాకు బండి నేర్పుతవా? ఎంత తొందరగనో అంత."

పోయేముందు అన్నది. అంత మామూలుగా.

జూలై 20

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

జూలై 21

లేచేసరికి లత షాపు తీయడానికి వెళ్లిపోయింది. బల్ల మీద రెండు ఫారాలు. బ్యాంకుది — ఓనరు దగ్గర లత సంతకం. షోరూంది, నా సంచిలోంచి ఎప్పుడు తీసిందో — గ్యారంటర్ దగ్గర లత సంతకం. రెండు చోట్లా ఒకే తీరు, గుండ్రని అక్షరాలు. 

షాపుకు పోయాను. పనివాళ్ల ముందు ఏం మాట్లాడను. తనే బయటికొచ్చింది.

"రెండిట్ల పెట్టిన. నీకేది గావాలనో గది ఇయ్యి, నేనేమన. పాస్‌పోర్టు మాత్రం తెచ్చి బీరువల పెట్టు."

తెస్తానన్నాను. ఆమె లోపలికి పోయింది. నిజంగానే తేవాలని బస్టాండు దాకా నడిచాను. జగిత్యాల బస్సు నిలబడి ఉంది. అదే బస్సులో పోతే షోరూం, అదే బస్సులో పోతే ఏజెంటు. ఎక్కబోతుంటే ఏజెంటు ఫోన్.

"వీసా అచ్చింది రాజేశమన్నా. పొద్దుగూకకముందు అచ్చి కాగితం మీద సంతకం పెట్టు, టికెట్ తీస్త. ఏమంటవ్?"

ఇంకా ఏమీ అనలేదు. మళ్లీ చేస్తానన్నాను. ఆ బస్సు పోయింది. తర్వాతి దానికి అరగంట ఉంది, బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

సంచిలో రెండు ఫారాలూ ఉన్నాయి. లత సంతకం లేనిదే ఆ రెండింటిలో ఏదీ చెల్లదు. ఏజెంటు దగ్గరున్న మూడో కాగితానికి లత సంతకం అక్కర్లేదు. దాని మీద నా ఒక్కడి పేరు చాలు.