నోసోత్రోస్ అంటే మనమా, మేమా

గద్వాల,
నవంబర్ 5.

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. "ఎప్పుడొస్తవు?" అని ఒక్క ముక్క రాసి కింద సంతకం పెట్టావు. మోటార్లకు వైండింగ్ చేసేవాడివి, తీగె పొదుపుగా వాడతావని తెలుసు. మాటలు కూడా అంతేనా? ఫోన్‌లో అయితే మరీ అన్యాయం. "తిన్నవా" అంటే "తిన్న", "వాన పడ్డదా" అంటే "పడలే". మూడు నెలలుగా మనం అంతకు మించి ముందుకు పోలేదు. అందుకే నేనూ కాగితమే పట్టుకున్నాను. ఇది పొడవైన ఉత్తరం అవుతుంది. షాపులో గిరాకీ లేనప్పుడు చదువు.

ఇక్కడ నా బతుకు స్పానిష్ పాలైంది. ఇంగ్లీషు చెప్పడానికి గెస్ట్ లెక్చరర్‌గా చేరినదాన్ని. మొదటి వారమే ప్రిన్సిపాల్ సార్ పిలిచి, "విదేశీ భాష కోర్సొకటి పెట్టాల్నని పైనుంచి వచ్చిందమ్మా. నీకు ఇంగ్లీష్ వస్తది గద, స్పానిష్ ఎంతసేపు?" అన్నారు. రెంటికీ అక్షరాలు అవే కదా అని ఆయన ధైర్యం. అప్పటినుంచి పిల్లలకంటే ఒక్క పాఠం ముందుండి నెట్టుకొస్తున్నాను. పొద్దున నేను నేర్చుకున్నది మధ్యాహ్నం వాళ్ళకు చెబుతాను, సాయంత్రానికి వాళ్ళూ నేనూ కలిసి మరిచిపోతాం.

ఈ నెలంతా ఒకటే క్రియ. అబ్లార్. అంటే మాట్లాడటం. రాసేటప్పుడు ముందు 'హ' రాస్తారు, పలకరు. ఇది బుద్ధిగల క్రియ అని పుస్తకం మెచ్చుకుంది. చివరి 'ఆర్' తీసేసి ఎవరి తోక వాళ్ళకు తగిలిస్తే చాలట. నేనైతే ఆబ్లో, నువ్వైతే ఆబ్లాస్, అతడైనా ఆమైనా ఆబ్లా. జరిగి అయిపోయినదానికి ఒక వరుస, జరుగుతూ ఉండినదానికి ఇంకొకటి, జరగబోయేదానికి మరొకటి. మన దగ్గర 'వస్త' అంటే రోజూ వచ్చేదీ అదే, రేపు వచ్చేదీ అదే. నీ ప్రశ్నకు నేను 'వస్త' అని రాసినా ఏమీ తేలదు. వాళ్ళ వరుసల్లో ఏ కాలమో తేల్చి చెప్పాలి. ఆబ్లో అంటే నేను మాట్లాడతాను. అదే చివర నొక్కి అబ్లో అంటే అతడు మాట్లాడాడు. గొంతు ఒక్క చోటి నుంచి ఇంకో చోటికి జరిగితే మనిషీ మారిపోతాడు, కాలమూ మారిపోతుంది. వెనక బెంచీ అశ్విని, "మేడం, గీ భాషల జర దగ్గొచ్చినా అర్థం మారేటట్టుంది" అంది. నవ్వాను. ఈ మధ్య నేను నవ్వింది అప్పుడే.

జరుగుతూ ఉండినదాని వరుస రాస్తుంటే బోర్డు దగ్గర నా చెయ్యి ఆగింది. అబ్లాబా. మాట్లాడేవాడు. ఒకసారి జరిగి ముగిసింది కాదు, రోజూ జరిగింది, ఎప్పుడు ఆగిందో ఎవరూ రాసిపెట్టుకోనిది. పెళ్ళైన కొత్తలో కాలిపోయిన మోటారు విప్పుతూ ఆ రైతు ఏం చేసి దాన్ని కాల్చుకున్నాడో కథలు కథలుగా చెప్పేవాడివి. ఎప్పుడు మానేశావు? ఎంత వెతికినా నాకు ఆ రోజు దొరకడం లేదు. ఫలానాది జరిగి ఉంటే మాట్లాడేదాన్ని అని చెప్పడానికి అబ్లరియా అని ఇంకో రూపం. కోరిక, భయం, అనుమానం వచ్చి చేరితే మళ్ళీ వేరే. 'అతడు మాట్లాడతాడు' అంటే ఆబ్లా. 'అతడు మాట్లాడాలని నా కోరిక' అంటే ఆబ్లే. కోరుకున్నంత మాత్రాన జరగదని ఆ భాష ముందే ఒప్పేసుకుంది. ఎవరో నాలాంటిదే కూర్చుని తయారుచేసి ఉంటుంది.

నిన్న శిల్ప అనే అమ్మాయి లేచి, "మేడం, నోసోత్రోస్ అంటే మనమా, మేమా?" అని అడిగింది. పుస్తకం అటూ ఇటూ తిరగేశాను. ఇంగ్లీషులో 'వి' అని రాసి చేతులు దులుపుకున్నారు. వాళ్ళకు ఆ తేడా లేనే లేదట. ఎదుటి మనిషిని కలుపుకున్నా అదే మాట, బయట నిలబెట్టినా అదే మాట. పైగా ఆ మాటలోనే 'ఇతరులు' అన్న ముక్క కూడా ఉందట. క్రియల పట్టికలో ఇంకో తిరకాసు కూడా ఆ నోసోత్రోస్ గడిలోనే. అబ్లామోస్ అంటే మాట్లాడతాం, మాట్లాడాం, రెండూనూ. ఆ క్రియకు మిగతా గళ్ళలో కాలం తేల్చి చెప్పినవాళ్ళు ఇక్కడ మాత్రం తేల్చలేదు. "రెండూ అనుకో తల్లీ" అని శిల్పకు చెప్పి కూర్చున్నదాన్ని గంట కొట్టేదాకా లేవలేదు. పిల్లలు నాకు జ్వరమనుకున్నారు.

జ్వరం కాదు బావా. మూడు నెలలుగా ఒక 'మేం' నన్ను తినేస్తోంది.

ఆగస్టులో అత్తమ్మ తెలకపల్లి నుంచి కబురు పంపింది గుర్తుందా? పెద్దబావ మూడో బిడ్డ శ్రుతిని మనకు సాదుకోవడానికి ఇస్తామని. మన పెళ్ళై తొమ్మిదేళ్ళు, దవాఖానలు తిరిగి తిరిగి ఇద్దరం అలిసిపోయాం, ఇక ఇదొక్కటే దారి అని. నన్నెవరూ ఒక్క మాట అడగలేదు. సంగతి తెలిసి మా అన్న గోపి నాకు ఫోన్ చేశాడు. "నిన్నడగకుండ పిల్లను తెచ్చుడేంది? నేను బావతోని మాట్లాడ్త" అన్నాడు. ఆ సాయంత్రం నీకు చాయ్ తెస్తున్నాను. నువ్వు షాపులో అటు తిరిగి నిలబడి ఫోన్‌లో గట్టిగా అంటున్నావు. "పిల్ల సంగతి మేం అనుకున్నం. మేం చూసుకుంటం. మీరు నడుమల రాకుండ్రి."

మా అన్నతో అంటున్నావని అర్థమైంది. మేం అంటే నువ్వు, అత్తమ్మ, పెద్దబావ. నేను అవతల, మా అన్న పక్కన. తొమ్మిదేళ్ళు ఆ ఇంటి నీళ్ళు తోడి, వాకిలి ఊడ్చి, అత్తమ్మ వచ్చినప్పుడల్లా మోకాళ్ళకు నూనె రాసి, నేనింకా 'మీరు'లోనే ఉన్నాను. చాయ్ అక్కడే పెట్టి లోపలికి వచ్చేశాను. నువ్వు దాన్ని చల్లారాక తాగావు, ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. మా అన్నను అడగడానికి సిగ్గేసింది, అవమానపడి దాచుకున్నాడేమో అనుకున్నాను. వారం తిరక్కుండా ఈ కాలేజీ నుంచి పిలుపొస్తే, నౌకరి కోసమని నీకు చెప్పి బస్సెక్కాను. నౌకరి కోసం కాదు. ఫోన్ చేసినప్పుడల్లా వెనక పిల్ల గొంతు వినపడుతుందేమోనని చెవి పెట్టేదాన్ని. వినపడకపోతే, బడి సెలవుల్లో తెస్తారులే అనుకునేదాన్ని.

పిల్ల మీద నాకేం కోపం లేదు. ఎండాకాలంలో పది రోజులు మన దగ్గరున్నప్పుడు నా కొంగు వేలికి చుట్టుకుని పడుకునేది. నువ్వు ఒక్కసారి, ఒక్క మాట నన్ను అడిగి ఉంటే, మాట పూర్తికాకముందే సరే అనేదాన్ని. అదే నా బాధంతా.

వచ్చే సెమిస్టరుకు ఉంటావా లేదా అని సార్ అడుగుతున్నారు. నెలాఖరులోగా చెప్పాలి. ఉంటాననే చెప్పబోతున్నాను. ఆ తర్వాత కూడా ఇక్కడే. నన్ను బయట నిలబెట్టిన ఇంటికి తిరిగి రావడానికి నాకు ఓపిక లేదు.

నీ
సుమన

ఖిల్లా ఘణపూర్,
నవంబర్ 11.

సుమనకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. స్పానిష్ అర్థం కాలేదు, మిగతాది అయింది.

ఆ రోజు ఫోన్‌లో ఉన్నది గోపి కాదు. గోపి నాకు ఫోనే చేయలేదు. అవతల ఉన్నది అమ్మ. పక్కన అన్న కూడా ఉన్నాడు, అందుకని 'మీరు' అన్నాను. మేం అంటే నువ్వూ నేనూ. పిల్లను తెచ్చుకునేది లేదని వాళ్ళకు చెప్పాను. "నీ పెండ్లాం నేర్పిందా గీ మాట?" అన్నది అమ్మ. అప్పుడు నేనన్నదే నీ చెవిన పడింది. ఆ రోజు నుంచి అమ్మ నాతో మాట్లాడటం లేదు, ఈ ఇంటికి రావడం లేదు. నీతో చెబితే అమ్మ నిన్ను అన్నవన్నీ చెప్పాల్సి వస్తుందని ఊరుకున్నాను.

ఇంతవరకు చదివి నువ్వు నన్ను మంచివాణ్ననుకుంటావేమో. మొదటిసారి నీ ఉత్తరం చదివినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను, కొంచెం కోపం కూడా వచ్చింది. రెండోసారి చదివాక దిగింది. ఇంకొకరి పిల్లను తెచ్చి ఒళ్ళో పెడితే నీకు కష్టమవుతుందని నాకు నేనే అనుకున్నాను. నిన్ను అడగలేదు. అడగకుండానే నిన్ను కలుపుకుని మేం అన్నాను. నువ్వేమో సరే అనేదానివట.

అందుకని నిన్న షాపు మూసి తెలకపల్లి పోయాను. తప్పు ఒప్పుకుని పిల్లను అడుగుదామనుకున్నాను. అమ్మ మొహం తిప్పుకుంది. అన్న చేను దగ్గరున్నాడు. నర్సమ్మ వదిన వాకిట్లో కూర్చుని పత్తిలో చెత్త ఏరుతోంది. "వదినా, పిల్లను మాకిస్తవా?" అని అడిగాను. ఆమె చేతులు ఆపలేదు. అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"గిప్పుడు అడిగినవా కురుమూర్తి. అందరు మేం ఇస్తం, మేం ఇస్తం అన్నరు. అత్తమ్మ అన్నది, మీ అన్న అన్నడు. కన్నది నేను. నన్నెవ్వరడిగిండ్రు? నువ్వు వద్దన్ననాడు నేను పెరట్ల కూసొని దేవునికి దండం పెట్టుకున్న. నేనియ్య. సుమనకు చెప్పు, ఆమె మీద కోపం గాదు. నా పిల్ల నాకు గావాలె, గంతే."

"తప్పైంది వదినా" అని లేచి వచ్చేశాను. శ్రుతి బస్టాండు దాకా నా వెంట నడిచింది, పిన్ని ఎప్పుడొస్తదని అడిగింది. తెల్వదన్నాను.

మీ సార్‌కు నువ్వేం చెప్పాలనుకుంటే అది చెప్పు. నేను మధ్యలో రాను. అక్కడే ఉంటానంటే ఆదివారాలు నేను గద్వాల వస్తాను, నువ్వు రానిస్తే. ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

నీ
కురుమూర్తి

గద్వాల,
నవంబర్ 16.

నర్సమ్మక్కకు,

ఈ ఉత్తరం మీ పెద్దపాపతో చదివించుకోకు. ఆలస్యమైనా నువ్వే కూడబలుక్కుని చదువు. అందుకే పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

నువ్వన్న మాటలు బావ ఉన్నవి ఉన్నట్టు రాశాడు. ఆయన ఉత్తరం మొదటి సగం చదివి సంతోషంతో ఏడ్చాను. మూడు నెలలు నేను బయట ఉన్నాననుకున్న మాటలో లోపలే ఉన్నానని తెలిసింది. ఆ సంతోషం కాగితం తిప్పేదాకా కూడా నిలవలేదు.

నన్నడగలేదు, నన్నడగలేదు అని మూడు నెలలు అలిగి కూర్చున్నదాన్ని నేను. బావకు పేజీలకు పేజీలు రాశాను. అందులో అత్తమ్మ ఉంది, పెద్దబావ ఉన్నాడు, మా అన్న ఉన్నాడు, శ్రుతి ఉంది. నా క్లాసులో పిల్లల పేర్లు కూడా ఉన్నాయి. నీ పేరు ఒక్కచోట కూడా లేదు అక్కా. రాసిందంతా మళ్ళీ గుర్తు తెచ్చుకుని చూశాను, లేదు. ఒక్క మాట అడిగితే సరే అనేదాన్ని అని ఎంతో గొప్పగా రాసుకున్నాను. ఎవరి పిల్లకు నేను సరే అనేదాన్ని?

ఇవ్వనన్నావు, మంచి పని చేశావు. నాకు కష్టంగానే ఉంది, నీతో అబద్ధం చెప్పను. ఒకటి రెండు రోజులు అన్నం సయించలేదు. కానీ ఈ మాట ఇక నేను ఎత్తను, ఎవరినీ ఎత్తనివ్వను. వచ్చే సెమిస్టరు కూడా కాలేజీలో ఉంటానని సార్‌కు చెప్పేశాను. ఈసారి నిజంగా నౌకరి కోసమే. బావను ఆదివారాలు రమ్మన్నాను.

నిన్ను ఒకసారి చూడాలని ఉంది. శ్రుతిని కాదు, నిన్ను. తెలకపల్లి రావచ్చా? బావను అడిగితే పోదాం పద అంటాడు, అత్తమ్మను అడిగితే రావద్దంటుంది. వాళ్ళను అడగడం లేదు. నీకు వద్దనిపిస్తే వద్దనే రాయి అక్కా, నేనేమీ అనుకోను.

నీ చెల్లెలు
సుమన