గుండు దేవుడికి గడువు

ఆలయ విచారణాధికారి గారి సముఖమునకు,
ఒసావా గ్రామం హచిమన్ దేవుడి గుడి పూజారి, మాజీ భిక్షువు, తనిగుచి మొతోమె వ్రాసుకొన్న అర్జీ.
మెయిజి చక్రవర్తి వారి ఏలుబడి రెండవ ఏడు, మూడవ నెల, పదకొండవ తేదీ.

అయ్యా,

విషయం: మా దేవుడిని ఈ నెల ఇరవయ్యో తేదీన దహనం చేయక, జుట్టు పెంచుకొనుటకు గడువు ఇప్పించుట గురించి.

1. దేవుళ్లను బుద్ధుల నుండి వేరు చేయవలెనను ఉత్తర్వు అందినది. ముప్పయ్యొక్క ఏళ్లు ఈ దేవుడి మూసిన తలుపు ముందు బౌద్ధ సూత్రములు చదివిన నేను, తమరిచ్చిన అరవై రోజుల గడువులో జుట్టు పెంచి, పేరు మార్చుకొని, పూజారినైతిని. నడినెత్తిన మాత్రము మొలవలేదు. పూజారి టోపీ జారిపోవుచున్నది. ఆ లోపమును తమ గుమాస్తా గారు దయతో మన్నించినారు.

2. కొత్త పద్ధతి ప్రకారము నైవేద్యమునకు చేప పెట్టితిని. ప్రసాదము గనుక తింటిని. గుడి వెనుకకు పోయి కక్కుకొంటిని. ఇది ఫిర్యాదు కాదు. అలవాటగును.

3. ఈ నెల మూడున గుమాస్తా గారు గర్భగుడి తెరిపించినారు. తాతల నాటి నుండి ఎవరూ చూడని దేవుడు, కాషాయము కట్టి, నున్నటి గుండుతో కూర్చుని ఉన్నాడు.

"ఈయన దేవుడా, బుద్ధుడా? ఒక్క మాటలో చెప్పండి" అన్నారు గుమాస్తా గారు.

మా ఊరి మంత్రసాని ఒతకి, "ఏమో బాబూ! ఎన్ని కాన్పులు ఒడ్డెక్కించాడో లెక్కే లేదు. నువ్వు దేవుడివా బుద్ధుడివా అని అడిగే తీరిక నాకెక్కడిది?" అన్నది.

నేను దేవుడే అని చెప్పవలసినది. ఆ ముఖము చూడగానే చేతులు జోడించితిని, నోటి వెంట పాత సూత్రము వచ్చినది. "ఓహో, అయితే బుద్ధుడే" అని గుమాస్తా గారు కాగితము మీద వ్రాసుకొని, బుద్ధుడు గనుక ఇరవయ్యో తేదీన కాల్చివేయవలెనని చెప్పిపోయినారు.

4. తప్పు నా నోటిది. దేవుడిది కాదు. నాకిచ్చిన అరవై రోజులే ఆయనకూ ఇప్పించ ప్రార్థన. ఒతకి తన జుట్టు కత్తిరించి ఇచ్చినది. "తెల్లదైతేనేం, ఆయన మాత్రం కుర్రాడా?" అన్నది. వడ్రంగి జింపచి అతికించుటకు ఒప్పుకొని, "దేవుడి జుట్టు సంగతి నాకొదిలెయ్యండి స్వామీ, మీ టోపీ నిలబెట్టడమే నా వల్ల కాదు" అన్నాడు.

అయ్యా, నాకు భయముగా ఉన్నది. ఇన్నేళ్లు తలుపుతో మాట్లాడితిని. ఇప్పుడు ముఖము చూసిన తరువాత, ఆయనను నా చేతులతో కట్టెల మీద పెట్టలేను.

నా మొర చిత్తగించి, ఇరవయ్యో తేదీకి ముందే ఒక్క మాట సెలవియ్యవలెను.

తమ విధేయుడు,
తనిగుచి మొతోమె

తా.క. ఈ ఉదయం జుట్టు పెట్టి చూశాం. నా టోపీలాగే జారిపోయింది. ఒతకి పగలబడి నవ్వింది, తరువాత మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఆయన మారడండి. మారడం నాకూ చేతకాలేదు. ఇంటికి వెళ్లి తల గొరిగించుకున్నాను. మీ కాగితం మీద బుద్ధుడి వైపు ఒక గుండు ఉండాలి కదా, నన్ను రాసుకోండి. ఆయనను దేవుడని రాయండి. ఇరవయ్యో తేదీన మీ మనుషులు వచ్చేసరికి గుడి మెట్ల మీదే కూర్చుని ఉంటాను.

ర్యోకై (ఇదే నా పాత పేరు)