ఒక్క గెలుపు కోసం మలీదా

సెప్టెంబర్ 11, 2006, సోమవారం. రువైస్, అరబ్ దేశం.
తెల్లవారుజాము ఫజర్ నమాజ్ అయింది. జానమాజ్ చాప మడతపెట్టి వచ్చాను. మరదలు సబీనా నిన్నటి చపాతీలు వేడిచేస్తోంది. తమ్ముడు రమీజ్ టీవీ ముందు, ఇంట్లో ఎవరో పోయి మయ్యత్ అయినట్టు కూర్చున్నాడు. అమెరికా ఫుట్‌బాల్. కోడిగుడ్డు లాంటి బంతిని చంకలో పెట్టుకుని ఒకడు పరిగెత్తుతాడు, పదిమంది వాడి మీద పడతారు. రమీజ్ ముదీర్‌ది, ఆఫీసులో పై మేనేజర్‌ది, అమెరికా. ఆయన సొంతూరి జట్టు ఓడింది. కొత్త కోచ్ వచ్చాడు, ఇక గెలుపే అన్నారట.

"ఓడిన వారం సెలవు కాగితం ముట్టుకోడు ఆపా. కాస్త దుఆ చెయ్యి."

ఆ సెలవు నా హజ్ కోసం. తమ్ముడు తోడు లేనిదే నేను పోలేను. అయినా బంతి కోసం చేతులెత్తనన్నాను. ఇదే తీర్మానం. మనసు తేలికపడింది.

సెప్టెంబర్ 25. రంజాన్ ఉపవాసాల్లో రెండో రోజా.
ఓడారు. ఓపిక పట్టమన్నాడట కోచ్. నేను పడుతున్నాను. జట్టు పేరు కూడా అడగలేదు.

అక్టోబర్ 16.
ఓటమి. జట్టును కొత్తగా కడుతున్నాడట కోచ్. ఊళ్లో షావలి మామ కూడా నాలుగేళ్లుగా ఇల్లు కడుతున్నాడు. జట్టు పేరు తెలిసింది. అడగలేదు, చెవిన పడింది.

అక్టోబర్ 23. రంజాన్ పండగ.
ఓడారు. ముదీర్ మా షీర్‌ఖుర్మా రెండు గిన్నెలు తిన్నాడు. సంతకం పెట్టలేదు. లోకంలో బాధపడేవాళ్లందరి కోసం దుఆ చేశాను. ముదీర్ కూడా అందులోకే వస్తాడు. అది బంతి కోసం చేసిన దుఆ కాదు.

నవంబర్ 13.
హజ్‌కు తీసుకెళ్లే కాఫిలావాళ్లు ఫోన్ చేశారు. సెలవు ఖాయమైతేనే సీటట. ఈ కోచ్ పిరికివాడు. గజం దూరానికి తెగించలేక, ఆఖరి ఛాన్సులో పరిగెత్తించకుండా బంతిని అవతలి జట్టుకే తన్నించేశాడు.
ఇది నేనే రాశానా? అస్తగ్‌ఫిరుల్లాహ్, అల్లాహ్ మన్నించాలి.

నవంబర్ 19, పొద్దుగూకాక మగ్రిబ్ నమాజ్ తర్వాత.
చేతులెత్తాను. ఒక్కసారి గెలిపిస్తే చపాతీలు నలిపి, బెల్లం కలిపి మలీదా చేసి, దాని మీద ఫాతిహా చదివిస్తానని మొక్కుకున్నాను. దుఆ వేరే జట్టుకు పోకుండా కోచ్ పేరు కూడా చెప్పాను.

నవంబర్ 20.
గెలిచారు! మలీదా చేశాం. రమీజ్ డబ్బాలో పెట్టుకెళ్లి, ఇది మా ఆపా మొక్కు అని ముదీర్‌కు చెప్పాడు. మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు.

"సీజన్ అయ్యేదాకా మనం కదలొద్దట ఆపా. వారం వారం మలీదా కావాలట. హజ్ వచ్చే ఏడూ ఉంటుంది, ఈ సీజన్ మళ్లీ రాదన్నాడు. ఖలాస్."

సీజన్ ముగిసేది బక్రీద్ నాటికి, అప్పటికి హజ్ అయిపోతుంది. అడిగింది నేనే. అడిగిందే ఇచ్చాడు అల్లాహ్.

సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. కాఫిలావాళ్లు ఇంకో వారం ఆగుతామన్నారు. ఒక్క ఓటమి చాలు, మా మలీదా మీద ముదీర్‌కు నమ్మకం పోతుంది, ఆ కోపంలోనే మమ్మల్ని పొమ్మంటాడు. కాబట్టి మలీదా వెళ్తుంది, ఫాతిహా లేకుండా. ఆదివారం మగ్రిబ్ తర్వాత, ఆ జట్టు ఓడాలని ముగ్గురం చేతులెత్తుతాం. బంతి కోసం దుఆ చేయకూడదన్న తీర్మానం సోమవారం నుంచి మళ్లీ మొదలు.