చెవులు పూర్తిగా మూసేవి

మంగంపేట,
ఆదివారం, ఆరాధన ముగిశాక.

మహిమకు లేవి రాస్తున్నది. ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ అమ్మ, కెజియా, నేను క్షేమంగానే ఉన్నాం. నువ్వూ క్షేమమని పోయిన ఉత్తరంలో రాశావు. ఫోన్లోనూ అదే చెప్తున్నావు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఈ కాగితం హెడ్‌ఫోన్ డబ్బాలో, అడుగున ఉండే అట్ట కింద పెడుతున్నాను. డబ్బా పారేయొద్దని నీతో చెప్పమని, సెలవు అయిపోయి కువైటుకు తిరిగి వస్తున్న సుబ్బరత్నక్కకు ఒకటికి రెండుసార్లు చెప్పాను. వాట్సాప్‌లో చెప్పకుండా ఉత్తరం ఎందుకని అనుకోవద్దు. నీ ఫోను నువ్వు పనిచేసే ఆ ఇంటామె చేతికి కూడా పోతుందని అక్క చెప్పింది. ఇక ఇక్కడి సంగతి నీకు తెలిసిందే. నువ్వు రికార్డు చేసి పెట్టే మాటలన్నీ అమ్మ ముందు, కెజియా ముందు, ఒక్కోసారి వీధిలోవాళ్ళ ముందు కూడా పెద్దగా పెట్టే వింటాం. చాటుగా వినడం మన ఇంట్లో ఎప్పుడూ లేదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. అమ్మకు కంటి ఆపరేషన్ రాజంపేటలో అయింది. చూపు బాగా వచ్చింది. ఇప్పుడు బియ్యంలో రాళ్ళు, నాలో తప్పులు రెండూ కనబడుతున్నాయి. వంటింటి రేకు కారడం ఆగింది. పైగోడకు పూత వేయించలేదు. గని నుంచి ముగ్గురాయి లారీలు సరిగా రావడం లేదు, రాయి పొడికొట్టే మా మిల్లులో పని ఉన్న రోజు ఉంది, లేని రోజు లేదు. కెజియాకు ముందు పళ్ళు ఊడాయి. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతోంది. నీ గదిలో ఏసీ ఉందంట, మనకెందుకు లేదని అడుగుతోంది. నువ్వు వచ్చేటప్పుడు తెస్తావని అమ్మ చెప్పింది.

ఇక హెడ్‌ఫోన్ సంగతి. నీ ఉత్తరం చివర రాశావు: "పాటలు వినడానికి మంచి హెడ్‌ఫోన్ ఒకటి సుబ్బరత్నక్కతో పంపు. చెవులు పూర్తిగా మూసేవి చూడు. వెయ్యి దాటనీయకు. పాట తేటగా వినపడితే చాలు." ఈ నాలుగు ముక్కలు నేను చాలాసార్లు చదివాను. కువైటులో దొరకని వస్తువా ఇది? కడపలో ఉన్న అంగళ్ళన్నీ ఒక్క అంగట్లో పట్టేంత పెద్ద అంగళ్ళు ఉన్నాయని నువ్వే చెప్పావు కదా. మరి మంగంపేట నుంచి ఎందుకు పంపాలి? చెవులు పూర్తిగా మూసేవే ఎందుకు? నువ్వు పొయ్యి దగ్గర ఫోను పెట్టుకుని పాటలు వినే మనిషివి. పాట వింటూనే కెజియా ఏడుపు, వాకిట్లో మనిషి అలికిడి కనిపెట్టే దానివి.

ఏ రకం మంచిదో అడుగుదామని మిల్లులో నాతోపాటు బస్తాలు కుట్టే హనుమన్నతో అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"పాటలకైతే ఫోనే పాడతాది గదప్పా," అన్నాడు. "చెవులకు తగిలించుకునేది మాటలకు. పక్కనున్నోళ్ళకు ఇనపడకూడని మాటలకు."

అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం సుబ్బరత్నక్క ఇంటికి పోయాను. ఆమె ఊరగాయ డబ్బాలకు ప్లాస్టిక్ సంచులు చుడుతోంది. మా మహిమ ఎట్లుందక్కా అంటే, "బాగుండాదిలే లేవీ," అని దారం కోసం అటు తిరిగింది.

"ప్రతి శుక్రవారం, సెలవునాడు, గుడికి పోతాందా?"

"యాడ పోనిస్తారు నాయనా," అంది. మళ్ళీ వెంటనే, "పోతాదిలే. పోతాది," అని దిద్దుకుంది.

ఆమె దేన్నో దాస్తోందని నాకు తెలిసిపోయింది. కానీ దాన్ని నేను నీ మీదికే తిప్పుకున్నాను. గుడికి పోతున్నానని చెప్పి పోకుండా ఉంటే, శుక్రవారాలు యాడికి పోతున్నట్టు? ఇంటికి వచ్చి నీ మాటలు మళ్ళీ పెట్టి విన్నాను. "బాగుండా. నా గదిలో కూర్చోని మాట్లాడుతాండా. ఏసీ చల్లగా ఉండాది." అమ్మ పక్కనే ఉంది. "సుఖపడతాండాది బిడ్డ," అంది. నేను ఫోను జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు కడపకు పోయాను. బస్టాండు వెనక సందులో మొదటి అంగట్లో డబ్బా మీద ఒక పేరు, లోపలి వస్తువు మీద ఇంకో పేరు ఉంది. అదేమని అడిగితే రెండూ ఒకే కంపెనీ అన్నాడు. నాకు ముందు వచ్చినాయనకు ఒక ధర చెప్పి, నాకు ఇంకో ధర చెప్పాడు. బయటికి వచ్చేశాను. రెండో అంగడి దస్తగిరి అనే ఆయనది. గడ్డం నెరిసిన మనిషి. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడట.

"ఎట్లాంటిది కావాలన్నా?"

"పాటలకు. చెవులు మూసేది. మైకు లేనిది."

"మైకు లేనిదా? మైకుంటే ఏమన్నా కరుస్తాదా?"

పక్కన నిలబడినవాళ్ళు నవ్వారు.

"ఉండనీలే. లేనిదే చూపించు."

"ఈ కాలంలో లేనిది వెతకాల. ఒగేళ దొరికినా ఏం లాభం? ఫోన్లో ఇంకో మైకు ఉండనే ఉంటాది గదన్నా. మాట్లాడాలనుకునే మనిషి దాంట్లో మాట్లాడతాడు." అని నా మొహం చూశాడు. "ఇంట్లోవాళ్ళకా?"

"కువైటులో ఉండాది."

"ఆ," అన్నాడు. ఆ ఒక్క 'ఆ' నాకు నచ్చలేదు. లేచిపోదామనుకున్నాను. కానీ అక్క ప్రయాణం దగ్గరపడింది.

మూడు రకాలు తీసి పెట్టాడు. వైరు లేనిది వద్దన్నాడు. ఈ ధరలో సగం దుడ్లు దాని బ్యాటరీకే పోతాయంట, రెండేళ్ళకు అది చచ్చిపోతే మొత్తం పారేయాలంట. వైరుదైతే అదే ధరకు పాట బాగా పలుకుతుంది, చార్జింగు బాధ లేదు అన్నాడు. వైరుదైతే ఆయనకు లాభం ఎక్కువేమో అని నేను అనుకున్నాను. చెవి రంధ్రంలో దూర్చే రబ్బరు రకం నేనే వద్దన్నాను. మిగిలినవి చెవుల మీద మెత్తలు కూర్చునేవి. ఒకటి చవకది, ఒకటి దానికి రెట్టింపు ధరది.

ఆయన ఫోన్లో పాట పెట్టాడు. అంతా డప్పే. రెండిట్లోనూ గుండె మీద గుద్దినట్టు ఉంది.

"ఈ పాటైతే పగిలిన డబ్బా కూడా బాగానే మోగుతాది," అన్నాను. "నా ఫోన్లోది పెట్టుకుంటా."

"శానా అనుమానం మనిషివన్నా నువ్వు," అని నవ్వాడు. "పెట్టుకో. నీకు బాగా తెలిసిన పాట పెట్టుకో. అప్పుడే తేడా తెలిసేది."

నా ఫోన్లో పాటలంటే ఏముంటాయి? పోయిన పండక్కి గుడిలో అమ్మ పాడుతుంటే తీసిన పాట ఉంది. చవక దాంట్లో తబలా అమ్మ గొంతును మింగేసింది. రెండోదాంట్లో అమ్మ ఊపిరి తీసుకోవడం వినబడింది. ఎవరో పాటల పుస్తకంలో కాగితం తిప్పారు. ఎవరి గాజులో గలగలమన్నాయి. ఆ పాట నేను ఎన్నిసార్లు విన్నానో, ఆ గాజులు ఎప్పుడూ వినలేదు. వస్తువు మంచిదని ఒప్పుకున్నాను.

ధర అడగబోయి ఆగాను. అమ్మ పాట కింద నీ మాటలు ఉన్నాయి. ఒకటి నొక్కాను.

మహిమా, ఇప్పుడు రాసేది నిదానంగా చదువు.

"బాగుండా," అన్నావు. దాని వెనక ఒక మిషను తిరుగుతోంది. ఫోన్లో పెద్దగా పెట్టి విన్నప్పుడు అది ఏసీ శబ్దమనే అనుకున్నాం. ఏసీ అట్లా తిరగదు. నీళ్ళు మోసుకుని తిరిగే శబ్దం అది. ఒక పక్కకు తిరిగి, ఆగి, ఇంకో పక్కకు తిరుగుతోంది. తర్వాత వేగం పట్టి, నేల అదిరి, ఆగిపోయింది. నీళ్ళు బయటికి పోయిన చప్పుడు కూడా వినబడింది. బట్టలుతికే మిషను. పక్క గదిలో తిరుగుతున్నది కాదు. నీ భుజం పక్కన తిరుగుతున్నది. మిల్లులో ఉండేవాడిని, ఆ తేడా నాకు తెలుసు.

ఆ పూట బట్టలు ఉతుకుతూ మాట్లాడావేమో అనుకుని ఇంకోటి పెట్టాను. దాంట్లోనూ మిషను. ఇంకోటి. దాంట్లోనూ "నా గదిలో కూర్చోని ఉండా" అన్నావు, దాంట్లోనూ అదే మిషను. ఆ గది ఏదో అప్పుడు తెలిసింది.

కెజియా పుట్టినరోజుకు పెట్టినదాంట్లో నువ్వు నవ్వుతూ మాట్లాడావు. నవ్వు ముందు ముక్కు ఎగబీల్చుకున్నావు. చివర్లో దూరం నుంచి ఎవరో ఆడమనిషి "మేరీ" అని అరిచింది. నువ్వు "ఆఁ" అని పలికావు. ఉత్త కాళ్ళతో పరుగెత్తిన చప్పుడు. అక్కడితో తెగిపోయింది. నిన్ను ఆ పేరుతో పిలుస్తారని నువ్వు ఎప్పుడూ చెప్పలేదు.

చెవులు పూర్తిగా మూసేవి ఎందుకు అడిగావో, అంగడికి పోయి కొనుక్కోకుండా ఇక్కడినుంచి ఎందుకు తెప్పించుకుంటున్నావో, ఒకటి ఆ మిషను హోరుకు, ఒకటి నిన్ను గడప దాటనివ్వక, రెండూ తెలిశాయి. నేను అంగట్లోని స్టూలు మీద కూర్చుండిపోయాను. దస్తగిరి చూసి, "ఏమన్నా, ఎడమ పక్క పలకలేదా?" అన్నాడు.

"రెండు పక్కలా పలుకుతాండాది," అన్నాను.

మైకు లేనిది ఎందుకు అడిగానో నీకు అర్థమై ఉంటుంది. నోటితో ఎప్పుడూ చెప్పలేను కాబట్టి రాస్తున్నాను. నువ్వు వినాలి గానీ ఎవరితోనూ మాట్లాడకూడదనే అడిగాను. హనుమన్న మాట నాకు ఎక్కింది. వాడి తప్పు కాదు, ఎక్కేదానికి నాలో చోటు ఉంది. బస్సులో పోతున్నంతసేపు నిన్ను ఎట్లా పట్టుకోవాలా అనే ఆలోచించాను. నువ్వు నా దగ్గర ఏదో దాస్తున్నావని అనుకున్నాను. దాచావు కూడా. ఏం దాచావో మాత్రం నాకు తట్టలేదు. నువ్వు కోప్పడితే కోప్పడు.

మైకు ఉన్నదే తెచ్చాను. వెయ్యి దాటింది, కొంచెమే, దాని గురించి అడగొద్దు. ఇంటికి తెచ్చాక అమ్మ చూసి, "చెవులు మూసుకునేదానికి ఇన్ని దుడ్లా?" అంది. ఆమె చెవులకు తగిలించి ఆమె పాటే పెట్టాను. కాసేపు విని, "ఎవుర్రా ఈ ముసలామె, శృతి తప్పుతాండాది," అంది. నువ్వేనమ్మా అంటే నమ్మలేదు. కెజియా పడీపడీ నవ్వింది, మూతికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయింది. నీ మాటలు మాత్రం వాళ్ళకు దాంట్లో వినిపించలేదు. అమ్మకు ఏమీ చెప్పలేదు.

సుబ్బరత్నక్క దగ్గరికి మళ్ళీ పోయి మిషను సంగతి అడిగాను. ఆమె చేతిలోని ఊరగాయ డబ్బా పక్కన పెట్టి, "నీతో చెప్పొద్దని ఒట్టు వేయించుకుండాది నాయనా," అంది. "ఇల్లు పూర్తి కావాలంట. అంతవరకు ఓర్చుకుంటాదంట." ఇంటికి పిలిపించే దారి ఏదైనా ఉందా అన్నాను. రాజంపేట వాళ్ళు కొందరు అక్కడ ఉన్నారట. ఎంబసీకి తీసుకుపోయి, కాగితాలు చేయించి, విమానం ఎక్కిస్తారట. ఇంతకుముందు ఇద్దరు ముగ్గుర్ని అట్లా పంపారట. నువ్వు ఊఁ అంటే చాలు, అక్క వాళ్ళతో మాట్లాడుతుంది.

పైగోడకు పూత లేకపోతే ఇల్లేం పడిపోదు. ఇంతవరకు పూత లేకుండానే ఉన్నాం. కానీ నేను రమ్మంటే నువ్వు రావు, నాకు తెలుసు. అందుకని రమ్మని రాయడం లేదు. నిర్ణయం నీదే. నాకు నిజం తెలిస్తే చాలు.

నిజం చెప్పడానికి నీకు ఫోన్లో వీలు లేదు. అటు ఆ ఇంటామె, ఇటు అమ్మ. కాబట్టి ఇట్లా చెయ్యి. ఈ వస్తువు అందాక ఎట్లుందని నేను అమ్మ ముందే అడుగుతాను. నువ్వు అక్కడే ఉండగలిగితే, బాగా పలుకుతోందని చెప్పు. నేను మళ్ళీ అడగను. ఉండలేకపోతే, ఎడమ పక్క పలకడం లేదని చెప్పు. అమ్మ అంగడివాణ్ణి తిడుతుంది. తిట్టనీ. ఆ రోజే సుబ్బరత్నక్కకు ఫోను చేస్తాను.

నా మీద జాలితోనో, ఇంటి మీద ఆశతోనో బాగా పలుకుతోందని అనొద్దు. నువ్వు 'బాగుండా' అంటే దాని వెనక ఏముందో ఇకనుంచి వెతుకుతూనే ఉంటాను. ఈ అనుమానం మాత్రం నన్ను వదలదు.

ఎడమ పక్క నేను అంగట్లో చూశాను, ఇంటికి వచ్చి చూశాను, డబ్బాలో పెట్టే ముందు ఇంకోసారి చూశాను. బాగా పలుకుతోంది. అది పలకడం లేదని నువ్వంటే, తప్పు వస్తువుది కాదని నాకు తెలుస్తుంది.

ఇట్లు,
కెజియా నాయన,
లేవి