పొద్దున్నే మొరాయించే నెట్‌వర్క్

మస్కట్

ప్రియమైన అక్కకు తమ్ముడు సుధాకర్ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ నేను బాగానే ఉన్నాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలు బాగా చదువుతున్నారా? ఇక్కడ ఎండ మండిపోతోంది. వేళకి తింటున్నాను, దిగులుపడకు. పూతరేకులు అందాయి గాని డబ్బా మూత అప్పటికే తీసి ఉంది. తెచ్చినవాడి మీదే నా అనుమానం.

"ఎవర్నీ నమ్మవు నువ్వు" అంటావుగా. ఈ సంగతి విను.

మా ఆఫీసులో కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్చి బాగోగులు నావి. కొన్ని వారాలుగా రోజూ పొద్దున్నే నెట్‌వర్క్ నత్తనడక నడవడం, కాసేపటికి దానంతటదే బాగైపోవడం. వైర్లు మార్చాను. స్విచ్చే మార్చాను. ఈ వారంలో తేల్చకపోతే నా వీసా పొడిగించడం కష్టమన్నాడు మేనేజరు. అన్నం సహించలేదక్కా.

సరిగ్గా ఆ వేళకే పాత ప్రింటరు గదిలోంచి ప్రకాశంగారు బయటికొచ్చేవారు. ఊడ్చి తుడిచే మనిషి, మీ సఖినేటిపల్లి దగ్గర గోదావరి లంకాయనే. ఆయన అల్లుడిదీ నా పనే, గల్ఫు వీసా కోసం చూస్తున్నాడు. ఇంకేముంది, నా ఉద్యోగానికి ఎసరు పెడుతున్నారని మేనేజరు చెవిన వేశాను.

మర్నాడు తలుపు చాటున కాపు కాశాను. ప్రింటరు తీసేశాక నేల మీద మిగిలిపోయిన నెట్‌వర్క్ వైరు కొస తీసి గోడకున్న నెట్‌వర్క్ సాకెట్టులో గుచ్చారాయన. చెయ్యి పట్టుకున్నాను.

"ఎవరు చెప్పేరండీ మీకిది?"

"ఎవరూ చెప్పలేదండీ. నేల తడుపుతున్నాను కదండీ, వైరు తడిసిపోద్దని పైన పెట్టేను. వరదొస్తే మా లంకలో ముందు అన్నీ పైకెత్తేస్తామండీ, ఆయ్. ఆరేక మళ్ళీ ఎలాగున్నది అలాగే కింద పెట్టేస్తున్నానండి."

రెండో కొస అప్పటికే పక్క సాకెట్టులో ఉంది. రెండు కొసలూ ఒకే స్విచ్చికి చేరేసరికి, కంప్యూటర్లు పంపిందంతా అందులోనే గిరగిరా తిరిగి అందరి పనీ ఆగిపోతోంది.

పరుగెత్తి, ఆయన కావాలని చేసింది కాదని మేనేజరుకు చెప్పాను. "చేసింది అతనేగా, నువ్వన్నది నిజమే" అన్నాడు. నా వీసా పొడిగించారు. ఆయన్ని ఎండలో యార్డు పనికి పంపేశారు. మళ్ళీ లోపలికి తీసుకోమని అడుగుతూనే ఉన్నాను, వినడం లేదు. సిగ్గుగా ఉందక్కా.

మీ అత్తగారికి, మామగారికి నా వందనాలు. ప్రార్థనలో నాతోపాటు ఆయన్నీ తలుచుకోండి.

ఇంకొక్క మాట. తనని ఇంటికి పంపేయకుండా ఆపింది నేనేనని ప్రకాశంగారు వాళ్ళావిడకు ఫోనులో చెప్పారట. ఆవిడ మీ రేవు దగ్గర రొయ్యలు అమ్ముతుంది. నీకు తెచ్చిస్తానందట. తీసుకోకక్కా.

నీ తమ్ముడు,
సుధాకర్