మీ పుస్తకం కుట్లు నేనే విప్పాను

ఏమండీ,

సాయంత్రం ఆరింటికి మన అద్దెదారుల సంఘం వాళ్లు పుస్తకం గురించి మాట్లాడుకోడానికి మనింటికి వస్తున్నారు. కుట్టు పని తెమిలేలా లేదు, నేను వచ్చేసరికి కాస్త ఆలస్యమవుతుంది. ముందు గదిలో మంచం గోడకి నిలబెట్టి చాపలు పరవండి. నర్సక్కకి మోకాళ్ల నొప్పి, ఆవిడకి కుర్చీ వేయండి. అందులో మీరు కూర్చోకండి.

ఉపన్యాసం వద్దు. నినాదాలు అసలే వద్దు, పక్కింటి పసిపాప నిద్రపోతుంటుంది.

బీరువా మీద మీరు దాచుకున్న ఆ సమ్మె నవల కోసం వెతక్కండి. ఎంత తిరిగినా రెండో కాపీ దొరకలేదు. అందుకే కుట్లు విప్పి, భాగాలు చేసి అందరికీ పంచాను. ఎవరి భాగం వాళ్లు చదివొచ్చి మిగతావాళ్లకి చెప్తారు. మీకు కోపం వస్తుందని తెలుసు. కానీ పెళ్లయినప్పటి నుంచీ ప్రతి సభకీ దాన్ని చంకలో పెట్టుకెళ్లారు, అందులో ఇలా ఉంది, అలా ఉంది అని మైకులో ఊదరగొట్టారు. తీరా విప్పి చూస్తే, సగం నుంచి పేజీలు ప్రెస్సులో అంచులు కోయకుండా వదిలేసినవి, ఒకదానికొకటి అతుక్కుని అలాగే ఉన్నాయి. నేనే బ్లేడుతో కోశాను. ఎవరితోనూ అనలేదు.

చివరి భాగం మీకు ఉంచాను, దిండు కింద ఉంది. పట్టుమని పది పేజీలు కూడా లేవు. వాళ్లు వచ్చేలోపు చదివేయండి. మీది ఆఖరి వంతు, అందాకా నోటికి తాళం.

ఫ్లాస్కులో టీ ఉంది, మీరొక్కరే తాగేయకండి.

కోసేటప్పుడు ఆఖరి పేజీ చూడబుద్ధేసింది. చూడలేదు. మీ నోటే వింటాను.